ఆ రెండు వారాలూ అమ్మ ఇప్పించినవే

డిటెక్టివ్ నవలలంటే నాకు చిన్నప్పట్నుంచీ పిచ్చి. మా ఇంట్లో ఆ మాట పైకి చెప్పే వీల్లేదు. ఆడపిల్ల చేతిలో హత్యల పుస్తకమేమిటని నాయనమ్మ కేకలేసేది. అందుకని అద్దె పుస్తకాల షాపులోంచి తెచ్చిన కొమ్మూరి సాంబశివరావు గారి నవలని సోషల్ పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివేదాన్ని. డిటెక్టివ్ యుగంధర్ హంతకుణ్ణి పట్టుకోబోయే సమయానికి సరిగ్గా అమ్మ వంటింట్లోంచి పిలిచేది. చిత్రమేమిటంటే, పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ పిలుపు ఆగలేదు. పిలిచే గొంతులు మారాయంతే!

కిందటేడు అందరం కలిసి అరకు వెళ్లాం. బ్యాగు అడుగున అగాథా క్రిస్టీ నవల ఒకటి పెట్టుకున్నాను. నాలుగు రోజులున్నాం. పులిహోర పొట్లాలు, పెరుగు డబ్బా, మావగారి బీపీ మాత్రలు, మనవడి స్వెట్టరు... వీటి మధ్య ఆ పుస్తకం పైకి రానేలేదు. ఒకరోజు పొద్దున్నే మంచులో కాఫీ తోటల వైపు కాస్త నడిచొస్తానన్నాను. ఒక్కదానివే ఎందుకు, మేమూ వస్తాం అని ఇంటిల్లిపాదీ బయల్దేరారు. తప్పేం లేదు, ప్రేమే. కానీ ఆ నడక మొత్తం ఎవరికి చలేస్తోందో, ఎవరికి ఆకలేస్తోందో చూసుకోవడంతోనే సరిపోయింది.

తిరిగొచ్చాక ఆ నవల తీసి చదువుతూంటే, రాసినావిడ గురించే ఆలోచన మొదలైంది. 66 డిటెక్టివ్ నవలలు రాసిన మనిషికి ఇల్లు లేదా? పిల్ల లేదా? అన్నీ ఉన్నాయి. మరి తీరిక ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆవిడ జీవితం తిరగేస్తే నాకు దొరికిన సమాధానం మీకూ చెప్పాలనిపించింది.

టోపీ మీద సీతాకోకచిలుక

అగాథా 1890 సెప్టెంబరు 15న ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో, టార్కీ అనే సముద్రతీరపు ఊళ్లో పుట్టింది. తండ్రి ఫ్రెడరిక్ మిల్లర్ అమెరికన్. తల్లి క్లారా. అక్క మ్యాడ్జ్, అన్న మాంటీ. వీళ్లిద్దరికీ ఈ పిల్లకీ పదేళ్ల పైనే తేడా. ఆష్‌ఫీల్డ్ అనే పెద్ద ఇల్లు, చుట్టూ తోట. పిల్ల కళ్లు పాడవకూడదని ఎనిమిదేళ్లొచ్చే దాకా చదువు నేర్పొద్దని క్లారా అనుకుంది. ఆ చిన్నది ఊరుకుంటేనా? ఐదేళ్లకే తనంతట తాను అక్షరాలు కూడబలుక్కుని చదవడం పట్టేసింది.

అమెరికా నుంచి వచ్చే ఆదాయం తగ్గడంతో వాళ్లు ఇల్లు అద్దెకిచ్చేసి కొన్ని నెలలు ఫ్రాన్సులో గడిపారు. అక్కడ హోటల్లో ఉన్నా, టార్కీలో ఇంటి ఖర్చు కంటే చవగ్గానే జరిగిపోయేది. పర్వతాలంటే ఆకాశాన్ని తాకేస్తాయని ఊహించుకున్న అగాథా, పిరనీస్ కొండల్ని చూసి ఇంతేనా అని ఉసూరుమందట. అక్కడే ఇంకో చిన్న సంగతి జరిగింది. నాన్నతో, అక్కతో కలిసి కొండ మీదికి బయల్దేరింది. దారి చూపించే మనిషి ఈ పాపని మురిపించాలని ఒక సీతాకోకచిలుకని పట్టి, బతికుండగానే పిన్నుతో ఆమె టోపీకి గుచ్చేశాడు. అది తల మీద రెక్కలు కొట్టుకుంటోంది. పాపకి ప్రాణం పోతోంది. కానీ చెబితే ఆ మంచివాడు నొచ్చుకుంటాడేమోనని నోరు విప్పలేదు. కళ్లల్లోంచి నీళ్లు మాత్రం కారిపోతున్నాయి. ఏమైందని నాన్న అడిగాడు, అక్క అడిగింది. జవాబు లేదు. అప్పుడు క్లారా కూతురి మొహం వంక ఒక్క క్షణం చూసి, టోపీ మీద ఆ పురుగు దీనికి ఇష్టం లేదని తేల్చి చెప్పేసింది. తీసేశారు. పాప ఊపిరి పీల్చుకుంది.

చెప్పకుండానే తెలుసుకునే తల్లి. ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు మళ్లీ వస్తుంది.

అగాథాకి పదకొండో ఏట తండ్రి పోయాడు. డబ్బుకి ఇబ్బందులొచ్చాయి. అక్కకి పెళ్లయి వెళ్లిపోయింది, అన్న ఉద్యోగమంటూ దూరంగా ఉన్నాడు. ఆ పెద్ద ఇంట్లో తల్లీ కూతురూ మిగిలారు. ఒకరికొకరు తోడయ్యారు.

దార్త్‌మూర్ నడకలు

అక్కాచెల్లెళ్లిద్దరికీ డిటెక్టివ్ కథలంటే ప్రాణం. అగాథాకి షెర్లాక్ హోమ్స్‌ని పరిచయం చేసింది మ్యాడ్జే. ఒకరోజు ఏదో నవల గురించి మాట్లాడుకుంటూ, నేనూ ఒకటి రాస్తానని అగాథా అంటే, అది నీవల్ల కాదులే అని అక్క కొట్టిపారేసింది. పందెమేం వేసుకోలేదు. కానీ ఆ మాట మనసులో నాటుకుపోయింది. మనిళ్లల్లోనూ అక్కలు ఇలాంటి మాటలు అంటూనే ఉంటారు కదూ!

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 24న ఆర్చిబాల్డ్ క్రిస్టీ అనే సైనికాధికారిని పెళ్లి చేసుకుంది. కొద్ది రోజులకే అతను మళ్లీ యుద్ధానికి వెళ్లిపోయాడు. ఆమె టార్కీలోనే ఉండి, గాయపడ్డ సైనికులకి నర్సుగా పనిచేసింది. తరవాత ఆస్పత్రి మందులగదికి మారింది. అక్కడ పని ఉంటే ఊపిరాడదు, లేకపోతే గంటలకి గంటలు ఖాళీ. చుట్టూ అల్మారాల నిండా విషాలు. అక్కన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. విషంతో జరిగే హత్య కథ ఒకటి రూపు కట్టింది. యుద్ధం వల్ల బెల్జియం నుంచి కాందిశీకులు వాళ్ల ఊరికి చేరారు. వాళ్లని చూసే తన డిటెక్టివ్‌ని బెల్జియం మనిషిగా చేసింది. అతనే గుడ్డు లాంటి తల, మెలి తిప్పిన మీసాలు ఉన్న హెర్క్యూల్ పొయిరో.

సగం రాసింది. ఆ తరవాత బండి కదల్లేదు. ఆస్పత్రి పని, ఇంటి పని, మధ్యలో ఈ రాత. చిక్కుముళ్లు ఎక్కువై తల వేడెక్కిపోయింది. పరధ్యానం, విసుగు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. కానీ క్లారా చూసింది. సీతాకోకచిలుకని చూసినట్టే చూసింది. నీకు రావాల్సిన రెండు వారాల సెలవు పెట్టి, కాయితాలు పట్టుకుని ఎక్కడికైనా ఒంటరిగా పోయి పూర్తి చెయ్యి అంది. 1916లో, పెళ్లయిన కూతురితో ఒక తల్లి అన్న మాట అది!

అగాథా దార్త్‌మూర్ వెళ్లింది. డెవన్‌లోనే ఉన్న పెద్ద బయలు ప్రాంతమది. చెట్లు తక్కువ, గాలి ఎక్కువ, ఎటు చూసినా రాళ్ల గుట్టలు. హేటర్ అనే చోట ఒక పెద్ద హోటల్లో దిగింది. గదులు బోలెడు, మనుషులు కొద్దిమంది. పొద్దున్నంతా చెయ్యి నొప్పెట్టేదాకా రాసేది. మధ్యాహ్నం భోంచేసి కాసేపు ఏదో చదువుకునేది. తరవాత ఒక్కతే గంటలకొద్దీ ఆ బయల్లో నడిచేది. నడుస్తూ రేపు రాయబోయే సన్నివేశంలో ఎవరేం మాట్లాడాలో పైకే అనుకునేది. ఒకరిలా అడిగి, ఇంకొకరిలా జవాబు చెప్పుకునేది. దారిలో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారన్న బెంగ లేదు, చూడటానికి ఎవరూ లేరు కదా! రాత్రి భోంచేసి పన్నెండు గంటలు నిద్రపోయేది. మర్నాడు లేచి నడకలో పలికిన మాటల్ని కాయితం మీద పెట్టేది. రెండు వారాల్లో రెండో సగం అయిపోయింది.

రాయడం పొద్దుట జరిగినా, ఆ రాత కడుపున పడింది మాత్రం సాయంత్రం నడకలోనే. అది పనిలా కనపడదు. చూసేవాళ్లకి తీరికగా తిరుగుతున్న ఆడమనిషి కనిపిస్తుంది, అంతే.

ఆ నవల 'ది మిస్టీరియస్ ఎఫైర్ ఎట్ స్టైల్స్'. చాలామంది ప్రచురణకర్తలు తిప్పి పంపారు. చివరికి బాడ్లీ హెడ్ వాళ్లు తీసుకున్నారు. 1920లో అమెరికాలో, మరుసటేడు ఇంగ్లండులో అచ్చయింది. దాని మీద ఆమె చేతికొచ్చింది 25 పౌండ్లు.

వెళ్లని సెలవు

1919లో కూతురు రోజలిండ్ పుట్టింది. 1922లో భర్త ఉద్యోగరీత్యా ప్రపంచయాత్ర చేయాల్సొచ్చింది. రెండేళ్ల పిల్లని ఎవరు చూస్తారు? మళ్లీ క్లారాయే, మ్యాడ్జే. భార్యాభర్తలిద్దరూ దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, హవాయి, కెనడా చుట్టి వచ్చారు. సముద్రపు అలల మీద చెక్కపలకతో తేలడం కూడా నేర్చేసుకుంది మన అగాథా!

తిరిగొచ్చాక రోజులు మారాయి. ఆర్చీకి గోల్ఫ్ పిచ్చి పట్టుకుంది. వారమంతా ఆఫీసు, శనాదివారాలు గోల్ఫ్. అలా పల్లెల వైపు ఇద్దరం నడిచొద్దామన్న సరదా ఆమెకే మిగిలిపోయింది. ఇంటికి తన మొదటి నవల గుర్తుగా స్టైల్స్ అని పేరు పెట్టుకున్నారు గానీ, ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి గడిపే పూట కరువైంది.

1926లో తల్లి చనిపోయింది. ఆ వేసవంతా అగాథా ఆష్‌ఫీల్డ్‌లో ఉండి అమ్మ సామాన్లు సర్దింది. ఏళ్ల తరబడి పేరుకున్న పెట్టెలు, ఉత్తరాలు, పాత బట్టలు. రోజుకి పది, పదకొండు గంటల పని. నిద్ర లేదు, తిండి సయించదు. ఒకసారి చెక్కు మీద సంతకం పెట్టబోయి తన పేరేమిటో తనకే గుర్తు రాలేదు. పుట్టిల్లు ఖాళీ చేసినవాళ్లకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. ఆగస్టులో కూతురి పుట్టినరోజుకి ఆర్చీ వస్తాడు, ఆపైన ఇద్దరం ఇటలీకి సెలవు మీద వెళ్దామనుకుంది. ఆ ఒక్క ఆశతోనే నిలబడింది. అతను వచ్చాడు. సెలవు మాట ఎత్తలేదు. నాన్సీ నీల్ అనే అమ్మాయిని ప్రేమించానని, విడాకులు కావాలని చెప్పాడు.

డిసెంబరు 3, శుక్రవారం రాత్రి, నిద్రపోతున్న కూతుర్ని చూసి అగాథా కారేసుకుని వెళ్లిపోయింది. మర్నాడు సర్రేలో న్యూలాండ్స్ కార్నర్ అనే చోట కారు దొరికింది. మనిషి లేదు. పోలీసులు, వేలమంది జనం కొండలూ తుప్పలూ గాలించారు. పత్రికలు రోజూ పతాక శీర్షికలు పెట్టాయి. ఆవిడ రాసిన కథలా జనం ఆవిడ గురించి కథలల్లారు. పదకొండో రోజున, డిసెంబరు 14న, ఉత్తరాన హారోగేట్ ఊళ్లో ఒక హోటల్లో కనిపించింది. అక్కడ రాయించిన పేరు మిసెస్ నీల్! భర్త మనసుపడ్డ అమ్మాయి ఇంటిపేరు. ఆ పదకొండు రోజుల గురించి ఆవిడ తన ఆత్మకథలో ఒక్క ముక్క రాయలేదు.

జనానికి అదో డిటెక్టివ్ కథ. ఇది చదివినప్పుడు నాకు మాత్రం టోపీకి గుచ్చిన ఆ సీతాకోకచిలుకే గుర్తొచ్చింది. రెక్కలు కొట్టుకుంటోంది, నోట మాట లేదు. మొహం చూసి తెలుసుకునే అమ్మ ఈసారి లేదు.

ఒక్కతే ఎక్కిన రైలు

ఆ తరవాత డబ్బు కోసం రాయక తప్పలేదు. 1927లో కూతురితో, సెక్రటరీతో కలిసి కెనరీ దీవులకి వెళ్లింది. పేరుకి సెలవు. గదిలో కూర్చుని సెక్రటరీకి నవల చెబుతుంటే, ఏడేళ్ల రోజలిండ్ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండేది. పొమ్మంటే పోదు. ఆ ఇబ్బందుల్లోనే 'ది మిస్టరీ ఆఫ్ ది బ్లూ ట్రెయిన్' పూర్తి చేసింది. తనకి ఎప్పటికీ నచ్చని పుస్తకమది. కానీ మనసు లేకపోయినా రాయగలగడం అప్పుడే అలవాటయింది. సరదాగా రాసే మనిషి అలా పనిమంతురాలైంది.

1928లో విడాకులు వచ్చాయి. రోజలిండ్ హాస్టలు బడిలో ఉంది. కాస్త ఎండ తగిలే చోటికి పోదామని వెస్టిండీస్‌కి టిక్కెట్లు కొనుక్కుంది. బయల్దేరడానికి రెండు రోజుల ముందు ఒక విందులో, బాగ్దాద్ నుంచి వచ్చిన దంపతులు ఆ ఊరి గురించి చెప్పారు. అక్కడికి రైల్లోనూ వెళ్లొచ్చన్నారు. మర్నాడే పాత టిక్కెట్లు రద్దు చేయించి ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌కి కొనుక్కుంది. ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో, తోడు లేకుండా, అంత దూరం!

ఇరాక్‌లో ఊర్ అనే పురాతన నగరం తవ్వకాలు చూసింది. 1930లో మళ్లీ వెళ్లినప్పుడు, ఆమెకి ఊళ్లు చూపించే పని మాక్స్ మాలోవన్ అనే కుర్ర పురావస్తు పరిశోధకుడి మీద పడింది. దారిలో కారు ఇసకలో దిగబడింది. మగవాళ్లు తంటాలు పడుతుంటే అగాథా విసుక్కోలేదు, కంగారు పడలేదు. కారు నీడలో పడుకుని హాయిగా నిద్రపోయింది. ఇలాంటి మనిషి భార్యగా దొరికితే చాలని మాక్స్ అప్పుడే అనుకున్నాడట. తనకంటే పద్నాలుగేళ్లు చిన్నవాడని ఆమె చాలా తటపటాయించింది. చివరికి 1930 సెప్టెంబరు 11న పెళ్లయింది.

ఏటా కొన్ని నెలలు ఇరాక్, సిరియాల్లో తవ్వకాల దగ్గర ఉండేవాళ్లు. పొద్దుట రాత, తరవాత దొరికిన వస్తువులు శుభ్రం చేయడం. నిమ్రూద్‌లో దొరికిన వేల ఏళ్లనాటి దంతపు బొమ్మల్ని మొహానికి రాసుకునే క్రీముతో, స్వెట్టర్లల్లే సూదితో శుభ్రం చేసింది. మనమైతే వంటింటి వస్తువులన్నీ వాడేసేవాళ్లం!

ఒకసారి వరదలకి ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ దారిలో ఆగిపోతే, ఆ ఇరుకులోంచి 1934 నాటి 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' పుట్టింది. ఈజిప్టు ప్రయాణం 1937లో 'డెత్ ఆన్ ది నైల్' అయింది. మిస్ మార్పుల్ అనే ముసలావిడ కోసం మాత్రం ఎక్కడికీ వెళ్లక్కర్లేకపోయింది. అల్లిక చేసుకుంటూ, పక్కింటి సంగతులు వింటూ హంతకుల్ని పట్టేసే ఆవిడలో, అగాథా తన అమ్మమ్మనీ, ఆమె స్నేహితురాళ్లనీ పెట్టింది.

నది ఒడ్డు ఇల్లు

1938లో డార్ట్ నది ఒడ్డున గ్రీన్‌వే అనే ఇల్లు 6,000 పౌండ్లకి కొన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అల్లుడు చనిపోయాడు. 1943లో పుట్టిన మనవడు మాథ్యూ వేసవుల్లో అక్కడికి వచ్చేవాడు. చెట్ల మధ్య నడకలు, నదిలో పడవలు. రాత్రి భోజనాలయ్యాక కొత్త నవల చదివి వినిపించి, హంతకుడెవరో చెప్పుకోమనేది. 1952 నవంబరు 25న లండన్‌లో మొదలైన 'ది మౌస్‌ట్రాప్' నాటకం హక్కులు ఆ మనవడికే పుట్టినరోజు కానుకగా రాసిచ్చింది. 2020లో కరోనా వచ్చి ఆపించేదాకా ఆ నాటకం సాగుతూనే ఉంది. 2021లో మళ్లీ మొదలైంది.

1971లో డేమ్ బిరుదు వచ్చింది. 1976 జనవరి 12న, ఎనభై అయిదేళ్ల వయసులో ఇంట్లోనే కన్నుమూసింది.

ఇంత రాసినావిడకి చాలా కాలం రాసుకునే గది లేదు. పడకగదిలో చలువరాతి బల్ల మీదో, భోజనాల బల్ల మీదో రాసుకునేది. ఫొటోలవాళ్లు వచ్చి మీరు రాసే బల్ల ఏదని అడిగితే ఏం చూపించాలో తోచేది కాదు. ఫారాల్లో వృత్తి అన్న చోట వివాహిత అనే రాసేదట. అది చదివి మొదట నాకు కోపమొచ్చింది. తరవాత నవ్వొచ్చింది. ఆ ఖాళీలో గృహిణి అని రాసే మనలో ఎంతమంది ఏమేం చేస్తున్నారో ఎవరికి తెలుసు?

ఇక నా సంగతి. మా అమ్మాయి పీహెచ్‌డీ థీసిస్ సగం రాసి మూడేళ్లయింది. చంటివాడు పుట్టాక అది అలాగే అటకెక్కింది. ఫోన్‌లో ఎప్పుడడిగినా బాగానే ఉన్నానమ్మా అంటుంది. ఈ మధ్య వీడియోలో దాని మొహం చూశాను. అడక్కుండానే అర్థమైంది. చూడాల్సినంత సేపు ఇన్నాళ్లూ నేనే చూడలేదు.

ఈ వేసవికి మేం ఎక్కడికీ వెళ్లడం లేదు. అదే ఇక్కడికి వస్తోంది, రెండు వారాలు. మేడ మీద గది ఖాళీ చేయించాను. పిల్లాడు నా దగ్గరే పడుకుంటాడు. సాయంత్రం అది చెరువుగట్టు మీద నడవడానికి వెళితే, వెనకాల ఎవరూ వెళ్లకూడదని ఇంట్లో అందరికీ ఇప్పుడే చెప్పేశాను. మావారు సరేనన్నారు. దారిలో తనలో తను మాట్లాడుకుంటే ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారోనని మాత్రం కాస్త బెంగపడ్డారు.

అనుకోనివ్వండి!